గాడ్జిల్లాను ఎంతసేపు చూపించాలి? లెజెండరీ పిక్చర్స్ వారికి ఓ బహిరంగ లేఖ

లెజెండరీ పిక్చర్స్ నిర్మాతలకు, ‘గాడ్జిల్లా ఎక్స్ కాంగ్: సూపర్‌నోవా’ దర్శకులు గ్రాంట్ స్పుటోర్ గారికి నమస్కారం.

మీ సినిమా 2027 మార్చి 26న వస్తుందని ప్రకటించారు. ఇలాంటి సినిమా సగానికి సగం ఎడిటింగ్ టేబుల్ మీద, గ్రాఫిక్స్ గదుల్లో, సౌండ్ మిక్సింగ్‌లో తయారవుతుంది కాబట్టి ఈ ఉత్తరం మరీ ఆలస్యమేమీ కాదనుకుంటున్నాం. చెప్పదలచుకున్నది ఒకటే. మీ సినిమాల మీద ప్రేక్షకులు రెండు పార్టీలుగా చీలిపోయి కొట్టుకుంటున్నారు కదా, ఆ గొడవ మీరనుకుంటున్న చోట లేదు.

2014 మే 16న మీ సంస్థకు గారెత్ ఎడ్వర్డ్స్ తీసిన ‘గాడ్జిల్లా’ వచ్చిన దగ్గర్నుంచి నడుస్తున్న వాదన ఇది. 123 నిమిషాల సినిమాలో గాడ్జిల్లా తెర మీద ఉండేది పది నిమిషాలు, అటూ ఇటూగా. “టికెట్ కొన్నది గాడ్జిల్లా కోసం, చూపించింది సైనికుడి సంసారం” అంటుంది ఒక పక్షం. “దాచి దాచి చూపిస్తేనే దాని సైజు తెలిసేది, మీకు ఓపిక లేదంతే” అంటుంది రెండో పక్షం. అమెరికాలో మొదటి వారాంతం 93 మిలియన్ డాలర్లు వచ్చింది, రెండో వారాంతానికి వసూళ్లు దాదాపు మూడో వంతుకు జారిపోయాయి. హాల్లోంచి బయటికొచ్చేవాళ్లను అడిగి సినిమాస్కోర్ సంస్థ వేసే మార్కు బి ప్లస్. ఫ్లాప్ కాదు, ప్రపంచమంతా కలిపి 500 మిలియన్ల పైనే వచ్చింది. కానీ ఏదో వెలితి. ఆ వెలితికి మీరు కట్టిన మందు, తరవాతి సినిమాల్లో మృగాలను ఎక్కువసేపు చూపించడం. మా పేచీ ఆ మందుతోనే.

నిమిషాలే రోగమైతే 1954లో ఇషిరో హోండా తీసిన మొట్టమొదటి సినిమా నిలిచేది కాదు. 96 నిమిషాల్లో మృగం వాటా చిన్నదే. 2023లో తకాషి యమజాకి తీసిన ‘గాడ్జిల్లా మైనస్ వన్’లోనూ అంతే, రెండు గంటల్లో ఎక్కువ భాగం యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్న మనుషులే. దాన్ని చూసి “గాడ్జిల్లా ఏడీ” అని అరిచినవాళ్లు దాదాపు లేరు. అంటే కొలవాల్సింది గడియారంతో కాదు.

2014 సినిమాలో హొనొలులు విమానాశ్రయం సీన్ ఒక్కసారి మళ్లీ వేసుకుని చూడండి. దాదాపు గంటసేపు ఊరించారు. గాడ్జిల్లాకు శత్రువైన ముటో జాతి మృగాల్లో మగది రన్‌వే మీద బీభత్సం చేస్తోంది, విమానాలు ఒకదాని వెంట ఒకటి పేలుతున్నాయి, టెర్మినల్ అద్దాల వెనక జనం. అప్పుడు ఒక పాదం దిగుతుంది. కెమెరా ఒంటి మీదుగా మెల్లగా పైకి పాకుతూ పోతుంది, తల వస్తుంది, గర్జిస్తుంది. హాలంతా ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలో కట్! శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఇంటి హాలు, టీవీ ముందు చిన్నపిల్లాడు, ఆ టీవీలో న్యూస్ క్లిప్పుగా అదే ఫైటు. పోనీ ఒకసారి కదా అనుకుంటే, శాన్‌ఫ్రాన్సిస్కోలో రెండూ ఎదురుపడిన చోట కూడా షెల్టర్ తలుపులు మూసుకుపోతాయి, ఫైటు తలుపు అవతలే ఉండిపోతుంది.

మా తెలుగు హాళ్లలో హీరో ఎంట్రీ ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఎవరూ కుర్చీలు విరగ్గొట్టరు. ముందు చెప్పులు చూపిస్తారు, వెనక నుంచి భుజం చూపిస్తారు, విలన్ ముఖంలో చెమట చూపిస్తారు, జనం హాయిగా ఎదురుచూస్తారు. కానీ ముఖం చూపించేశాక, ఈలలు పడ్డాక, మొదటి దెబ్బ తగలకముందే హీరోయిన్ ఇంట్లో టీవీకి కట్ చేస్తే ఆ ఎడిటర్ ఊళ్లో తిరగలేడు. ఊరించడం వేరు, ఉసూరుమనిపించడం వేరు. ఎడ్వర్డ్స్ ఊరించడంలో దిట్ట, అందులో మాకు అనుమానం లేదు. సైనికులు విమానంలోంచి ఎర్రటి పొగ చారలతో మబ్బుల్లోకి దూకే సీను, కళ్లద్దాల వెనక ఊపిరి చప్పుడు, పక్కనే మెరుపులో ఒక్క క్షణం కనిపించే వీపు ముళ్లు, ఇప్పటికీ ఆ జాతి సినిమాల్లో దానికి సాటి వచ్చే సీన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఎడిటింగ్‌లో ఒక చిన్న కట్టుబాటు పెట్టుకోండి. గర్జన వినిపించాక ఒక పూర్తి విడత పోరు నడవాలి. ఎవరు కొట్టారు, ఎక్కడ తగిలింది, దాంతో ఏం కూలింది, ఈ మూడూ తెర మీద పడేదాకా సీను దాటొద్దు. ఇరవై, ముప్పై సెకన్లు చాలు. ఆ తరవాత టీవీకి కట్ చేసినా ఎవరూ ఏమీ అనరు, పైగా నవ్వుకుంటారు.

రెండో సంగతి మనుషులు. “మనుషుల కథ వద్దు, ఫైట్లు పెట్టండి” అన్న మాట మీ చెవిన చాలాసార్లు పడి ఉంటుంది. జనం అనేది అదే అయినా వాళ్లను బాధపెట్టింది అది కాదు. 2014 హీరో ఫోర్డ్ బ్రోడీ సైన్యంలో బాంబులు నిర్వీర్యం చేసే నిపుణుడు. సినిమా మొదట్లోనే ఆ సంగతి చెప్పారు. క్లైమాక్స్‌లో అణుబాంబు చేతికొస్తుంది, టైమర్ నడుస్తుంటుంది, తీరా చూస్తే మూత రాదు! పడవను సముద్రం వైపు తిప్పడమే చివరికి జరిగిన పని. ముటో గూడును తగలబెట్టింది అతనే, దాంతో ఆడ ముటో అటు పరిగెత్తి గాడ్జిల్లాకు ఊపిరి దొరికిందన్నది నిజమే. కానీ గంటన్నర నుంచి ప్రేక్షకుడు పట్టుకు కూర్చున్న నైపుణ్యం ఒక్కటే పనికి రాకుండా పోయింది.

దీని పక్కన ‘మైనస్ వన్’లో పడవ సీను పెట్టండి. అయస్కాంతపు మైన్లకు దొరక్కుండా కట్టిన పాత చెక్క పడవ, అందులో నలుగురు. వెనక నీళ్ల మీద తల పైకెత్తి గాడ్జిల్లా తరుముతోంది. వాళ్ల దగ్గరున్నవి సముద్రంలోంచి ఏరిన మైన్లు, ఒక మెషీన్ గన్. ఒక మైన్ గాడ్జిల్లా నోట్లోకి పోతుంది, పేల్చాల్సిన తీగ పనిచేయదు, హీరో గన్‌తో దాన్ని కాల్చి పేలుస్తాడు. దవడ చీలుతుంది, అమ్మయ్య అనుకునేలోపే కళ్ల ముందే మాంసం తిరిగి అతుక్కుంటుంది. ఆ ఒక్క నిమిషంలో మనుషులకు ఏం చేతనవునో, మృగానికి ఏం చేతనవునో రెండూ తేలిపోయాయి. క్లైమాక్స్ పథకం కూడా అంతే స్పష్టం. ఫ్రియాన్ వాయువు బుడగలతో చుట్టుముట్టి 1500 మీటర్ల లోతుకు దించేయాలి, చావకపోతే గాలి సంచులు ఉబ్బించి ఒక్కసారిగా పైకి లాగాలి, ఆ ఒత్తిడి తేడాకు చావాలి. చంటిపిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది. అర్థమయ్యాక అది విఫలమవుతుంటే గుండె దడదడలాడుతుంది. జనం మనుషుల కథను తిప్పికొట్టరు, మృగంతో పనిలేని మనుషులను తిప్పికొడతారు. మీ స్క్రిప్టులో ప్రతి ముఖ్య పాత్రనూ ఒక ప్రశ్న అడగండి: ఈ మనిషి లేకపోతే మృగం కదలిక ఏ సీనులో మారుతుంది? జవాబు లేని పాత్రను తీసేయండి, లేదా జవాబు రాయండి.

మాటల్లో మాట, ‘మైనస్ వన్’కు ఖర్చు 15 మిలియన్ డాలర్లలోపు. 610 గ్రాఫిక్స్ షాట్లు, చేసింది 35 మంది దాకా. 2024 మార్చిలో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ పట్టుకుపోయింది. గాడ్జిల్లా సినిమాకు ఆస్కార్ రావడం అదే మొదలు. మీ డబ్బును ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు, యమజాకిలా దర్శకుడే గ్రాఫిక్స్ పర్యవేక్షణ కూడా చూసుకుంటే ఎన్ని మార్పులు తప్పుతాయో లెక్క వేసుకొమ్మంటున్నాం.

ఇక 2019. మైకేల్ డోహర్టీ గారి ‘కింగ్ ఆఫ్ ది మాన్‌స్టర్స్’లో గాడ్జిల్లా, రోడాన్, మోత్రా, మూడు తలల గిడోరా, అడిగిన మృగాలన్నీ ఇచ్చారు. విమర్శకుల్లో మెచ్చినవాళ్లు నలభై శాతం చిల్లర, మామూలు ప్రేక్షకుల్లో ఎనభై దాటారు. అయినా సినిమాస్కోర్ అదే బి ప్లస్, వసూళ్లు 2014 కన్నా వంద మిలియన్లకు పైగా తక్కువ. ఎందుకు? ఎక్కువ చూపించారు, కానీ కనిపించలేదు! అంటార్కిటికాలో మంచు తుపాను, బోస్టన్‌లో కుండపోత, మధ్యలో బూడిద, వీటన్నిటి వెనక కదిలే చీకటి ముద్దలు. ఆ సినిమాలో జనం గుర్తుపెట్టుకున్నవేంటో చూడండి: అగ్నిపర్వతం మీద రెక్కలు విప్పిన గిడోరా, ముందు నిలువెత్తు శిలువ. పగటి వెలుగులో మెక్సికో ఊరి మీదుగా ఎగిరే రోడాన్. జలపాతం వెనక వెలిగే మోత్రా. మూడింటిలోనూ ఆకారం గీత గీసినట్టు తెలుస్తుంది.

ఇందులో సగం తప్పు కథది కాదు, వెలుతురు లెక్కది. తెర వెలుగును ఫుట్‌లాంబర్ట్‌లలో కొలుస్తారు. 2డి సినిమాకు ఉండాల్సింది 14. 3డిలో అద్దాలు, ఫిల్టర్లు మింగేయగా కంటికి చేరేది చాలా హాళ్లలో 4.5 దగ్గర, పాతబడిన ల్యాంపుంటే ఇంకా తక్కువ. రంగులు, వెలుతురు సరిదిద్దే మీ గ్రేడింగ్ గదిలో సరిగ్గా సెట్ చేసిన ప్రొజెక్టర్ మీద అందంగా కనిపించిన నీలి చీకటి, మామూలు ఊరి హాల్లో బొగ్గు అవుతుంది. అందుకే రాత్రి ఫైట్ల గ్రేడింగ్‌ను 3డికి విడిగా చేయండి, చేశాక 3.5 ఫుట్‌లాంబర్ట్‌ల దగ్గర ఒకసారి వేసి చూడండి. అక్కడ ఏ తల ఎవరిదో తెలియకపోతే ఆ షాట్ ఫెయిల్. వాన, పొగ, దుమ్ము పెట్టుకోండి, కాకపోతే మృగానికీ కెమెరాకూ మధ్య కాదు, మృగం వెనక పెట్టండి. వెనక పొగ వెలిగితే ముందున్న ఆకారం నల్లగా, నిండుగా తెగి నిలబడుతుంది. 2021 ‘గాడ్జిల్లా వర్సెస్ కాంగ్’లో దర్శకుడు ఆడమ్ వింగార్డ్ హాంకాంగ్ ఫైటుకు చేసింది దాదాపు అదే. రాత్రే, కానీ చుట్టూ నియాన్ వెలుగు, దెబ్బ ఎవరిదో తెలిసింది. సముద్రంలో విమానవాహక నౌక మీద కాంగ్ పిడికిలి గాడ్జిల్లా దవడకు తగిలిన సీను పట్టపగలు. సినిమాస్కోర్ మార్కు ‘ఏ’. (రెండు పర్వతాలు ఎక్కి తొక్కినా ఆ ఓడ ఎందుకు మునగలేదని మమ్మల్ని అడక్కండి, ఆ మాత్రం ఉదారత మాకూ ఉంది.)

తరవాత వచ్చిన జబ్బు బరువు. 2024లో వచ్చిన ‘గాడ్జిల్లా ఎక్స్ కాంగ్: ది న్యూ ఎంపైర్’ వసూళ్లలో మీ అన్ని సినిమాలనూ దాటేసింది కాబట్టి ఈ మాట మీకు రుచించకపోవచ్చు. కానీ “బొమ్మల కుస్తీలా ఉంది” అన్నవాళ్లది ఉత్త అసూయ కాదు, దానికి లెక్క ఉంది. ఏ వస్తువైనా మొదటి సెకనులో పడే దూరం 4.9 మీటర్లు. 108 మీటర్ల ఎత్తు నుంచి పెంకు ఊడితే నేల చేరడానికి 4.7 సెకన్లు పట్టాలి. తెర మీద ఒక్క సెకనులో పడిందంటే, కన్ను ఎవరినీ అడక్కుండానే అది ఐదు మీటర్ల గోడ అని తీర్మానించేస్తుంది. కదలికలకూ ఇదే సూత్రం: ఎత్తు ఎన్ని రెట్లు పెరిగితే సమయం దాని వర్గమూలం అన్ని రెట్లు పెరగాలి. 108 మీటర్ల గాడ్జిల్లా మనిషికి 60 రెట్లు. అరవైకి వర్గమూలం ఏడున్నర పైన. మనిషి గుద్దు 0.3 సెకన్లలో పడితే ఆ ఒంటి గుద్దుకు రెండు సెకన్ల పైన పట్టాలి. జపాన్‌లో మొదటి గాడ్జిల్లాకు ఎఫెక్ట్స్ చేసిన ఎయిజి సుబురాయా రబ్బరు సూట్ వేసుకున్న నటుడిని ఎక్కువ ఫ్రేములతో తీసి, మామూలు వేగంతో ఆడించింది ఇందుకే. ఇరవై ఐదో వంతు సైజు సెట్లకు లెక్క ప్రకారం సెకనుకు 24 బదులు 120 ఫ్రేములు కావాలి.

అంత నెమ్మదిగా గంటసేపు కొట్టుకుంటే జనం నిద్రపోతారని మాకూ తెలుసు. మృగం ఒంటిని లెక్క కన్నా రెట్టింపు వేగంతో కదపండి, ఫరవాలేదు. కానీ చుట్టూ రాలే ఇటుకలు, ఎగిసే నీళ్లు, లేచే దుమ్ము మాత్రం అసలు వేగం తప్పకూడదు. కంటికి కొలబద్ద అవే. కొలబద్ద లేని చోటే మీ భూగర్భ లోకం దెబ్బతింది: అక్కడ ఇల్లు లేదు, కారు లేదు, కరెంటు స్తంభం లేదు, చెట్లు కూడా రాక్షస చెట్లే. గురుత్వాకర్షణ కూడా తీసేసి గాల్లో కొట్టుకోనిచ్చారు. అందరూ దిగ్గజాలే అయితే ఎవరూ దిగ్గజం కాదు. అదే సినిమాలో మృగాల వైద్యుడు ట్రాపర్ కాంగ్ నోట్లో పుచ్చిన పన్ను పీకి కొత్తది బిగించే సీను ఎంత ముచ్చటగా ఉందో చూడండి, పక్కన మనిషి ఉన్నాడు కాబట్టి. 1954 గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు, ఇంచుమించు మా చార్మినార్ అంత. 2019 నాటికి 119.8 మీటర్లకు పెంచారు. ‘మైనస్ వన్’ తిరిగి 50.1కి దించింది, అయినా గిన్జా వీధిలో రైలు పెట్టె నోట కరిచి నిలబడితే మీ గాడ్జిల్లా కన్నా పెద్దదిగా కనిపించింది. ఎత్తు పెంచే పోటీ ఇక చాలు.

ట్రైలర్ల సంగతి పొడిగా చెప్పి వదిలేస్తాం. 2014 ట్రైలర్‌లో బ్రయన్ క్రాన్‌స్టన్ గొంతు, కన్నీళ్లు, నాశనం. సినిమాలో ఆయన సగం కాకముందే చనిపోయాడు, చివరికి గాడ్జిల్లా ఊరిని కాపాడిన దేవుడయ్యాడు. విషాదం అమ్మి వీరగాథ చేతిలో పెట్టారు. 1954 లాంటి భయం కావాలనేవాళ్లూ ఉన్నారు, కుస్తీ కావాలనేవాళ్లూ ఉన్నారు, ఇద్దరూ న్యాయమే అడుగుతున్నారు. గాడ్జిల్లాను పుట్టించిన జపాన్ సంస్థ తోహో 2016లో ‘షిన్ గాడ్జిల్లా’ తీసినప్పుడు దర్శకుడు హిదెయాకి అన్నో సినిమా నిండా ప్రభుత్వ సమావేశాలే పెట్టాడు. 2011 సునామీ, ఫుకుషిమా చూసిన జపాన్ ప్రేక్షకులకు ఆ ఫైళ్ల కదలికే భయానకం, 800 కోట్ల యెన్‌ల పైన కట్టబెట్టారు, జపాన్ అకాడమీ ఉత్తమ చిత్రం కూడా అదే. బయటి దేశాల్లో చాలామందికి అది మీటింగుల సినిమా. ఎవరికి ఏం అమ్ముతున్నారో ముందే చెప్పండి, తిట్లు సగం తగ్గుతాయి. మీది కుస్తీ అయితే ట్రైలర్‌లోనూ కుస్తీనే చూపించండి.

చివరిగా మా తెలుగు ప్రింటు. ‘గాడ్జిల్లా వర్సెస్ కాంగ్’ 2021 మార్చి 24న ఇంగ్లిష్, హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ ఇక్కడికి వచ్చింది, అమెరికా కన్నా వారం ముందు. కాబట్టి మేము మీ లెక్కల్లో ఉన్నామనే అనుకుంటున్నాం. మీ సినిమాలకు ఇంటర్వెల్ ఉండదు, మా హాళ్లలో తప్పదు. ఎక్కడ ఆపాలో మీరు చెప్పకపోతే ప్రొజెక్షన్ గదిలో నిమిషాలు చూసి సగంలో ఆపుతారు, గర్జన మధ్యలో లైట్లు వెలుగుతాయి. సీను ముగిసే చోట్ల రెండు టైమ్‌కోడ్‌లు ఎంచి, పంపిణీదారుకు రాసి పంపండి. ప్లేలిస్టులో ఆ క్యూ పెట్టడం ఆపరేటర్‌కు రెండు నిమిషాల పని.

3డి ఆట అయ్యాక 2డి ఆటకు లెన్స్ ముందున్న ఫిల్టర్ తీయకుండా వదిలేసే హాళ్లు ఉంటాయి, బొమ్మ మసకబారుతుంది. ప్రింటుతో పాటు పంపే సూచనల కాగితంలో మొదటి వాక్యం అదే ఉండాలి, తెలుగులో ఉండాలి.

గర్జన విషయంలో: 1954లో సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే డబుల్ బేస్ తీగలు వదులు చేసి, జిగురు పూసిన తోలు గ్లోవ్‌తో రుద్ది పుట్టించిన శబ్దంలో కీచు ఉంది, అందుకే డొక్కు స్పీకర్లో కూడా అది గాడ్జిల్లా అని తెలిసిపోతుంది. మీరు మాత్రం బాగా లోతైన శబ్దాల మీదే ఎక్కువ బలం పెడుతున్నారు. సబ్ వూఫర్ బాగుంటే గుండె అదురుతుంది, లేకపోతే ఏమీ మిగలదు. 100 నుంచి 300 హెర్ట్‌జ్ మధ్య కూడా గర్జనకు ఒళ్లు ఉండేలా చూడండి. డబ్బింగ్ మిక్స్‌లో తెలుగు గొంతులను మధ్య స్పీకర్లో గట్టిగా పెంచేసి, వెనక ఎఫెక్ట్స్ ట్రాక్‌ను తగ్గించేయకుండా చూడటానికి మీ మిక్సరే ఒకసారి వినాలి.

ఇంకొకటి. మీ గత సినిమాల్లో కాంగ్‌కు నేస్తమైన చెవిటి పాప జియా మాట్లాడేది సైగల్లో. ఇలాంటి సైగలకు పడే అక్షరాలు తెలుగు ప్రింటులో తెలుగులోనే ఉండాలి. హాల్లో ముందు వరుసల్లో కూర్చునేది మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలు. అక్షరాలు పెద్దవిగా, కింద నల్లటి నీడతో, కనీసం మూడు సెకన్లు నిలిచేలా వేయించండి.

ఇట్లు,
మాన్‌స్టర్ సినిమా ఏ భాషలో వచ్చినా వదలని కొందరు తెలుగు ప్రేక్షకులు